ట్రైక్ బండి బ్రేకులు, స్టే వైర్లు

ట్రైక్ అనే తేలికపాటి విమానంలో రెండు భాగాలుంటాయి. పైన రెక్క, కింద బండి. రెక్క అంటే అల్యూమినియం గొట్టాల మీద బిగించి కట్టిన గుడ్డ. బండి అంటే మూడు చక్రాలు, ఒకటో రెండో సీట్లు, వాటి వెనక ఇంజను, దాని వెనక పంకా. ఈ బండి మొత్తం రెక్కకు ఒకే ఒక్క బోల్టు దగ్గర వేలాడుతూ ఉంటుంది. పైలట్ చేతిలో అడ్డంగా ఒక కడ్డీ ఉంటుంది. దాన్ని ముందుకు తోసినా, వెనక్కు లాగినా, పక్కకు జరిపినా కింద బండి బరువు ఆ మేరకు జరుగుతుంది. రెక్క ఆ బరువును అనుసరించి తిరుగుతుంది.

ఈ రకం రెక్కకు ఆద్యుడు ఫ్రాన్సిస్ రొగాలో అనే అమెరికన్ ఇంజనీరు. 1948లో ఆయన, భార్య గెర్ట్రూడ్ కలిసి ఇంట్లోని కర్టెన్ గుడ్డతో తొలి నమూనా తయారుచేశారు. 1951లో దానికి పేటెంటు వచ్చింది. ఆ రెక్క కింద మనుషులు వేలాడుతూ కొండల మీద నుంచి ఎగిరారు. తర్వాత దానికి ఇంజను, చక్రాలు వచ్చి చేరాయి. చక్రాలు చివర వచ్చాయి కాబట్టో ఏమో, ఈనాటికీ వాటి మీద శ్రద్ధ చివరే. రెక్క గుడ్డ ఎండకు ఎంత పాడైందో జాగ్రత్తగా చూస్తారు. ఇంజను శబ్దంలో చిన్న తేడా వచ్చినా ఆగిపోతారు. కింద బండిని మాత్రం టైరులో గాలి ఉందా లేదా అని చూసి వదిలేస్తారు. ఆ బండిలోనే బ్రేకులున్నాయి. దిగేటప్పుడు బరువంతా కాసే ఉక్కు తీగలున్నాయి. కరెంటు స్తంభాలకు వేసే స్టే వైర్ల పేరే వీటికీ సరిపోతుంది.

బ్రేకుల నుంచి మొదలుపెడితే, ముందు బ్రేకు చేసే పనేమిటో తెలియాలి. మామూలు ట్రైక్ గంటకు సుమారు 60, 70 కిలోమీటర్ల వేగంతో నేలను తాకుతుంది. పరుగెత్తే బండిలో ఉండే శక్తి వేగంతో సమానంగా పెరగదు. వేగం రెండింతలైతే శక్తి నాలుగింతలవుతుంది. అంటే 70లో ఉన్న బండిని ఆపడం, 35లో ఉన్న బండిని ఆపడం కంటే నాలుగు రెట్ల పని. నేలను తాకిన క్షణంలోనే బ్రేకు తొక్కితే ఆ పని మొత్తం చిన్న లైనింగు ముక్క మీద పడుతుంది. కొంచెం ఓపిక పడితే రెక్కకు తగిలే గాలే వేగాన్ని సగానికి దించుతుంది. అప్పుడు బ్రేకుకు మిగిలేది నాలుగో వంతు పని. లైనింగులు ఎక్కువ కాలం మన్నే బండి ఎవరిదో, దిగాక తొందరపడని పైలట్ ఎవరో చెప్పడం దీన్నిబట్టి కష్టం కాదు.

తొందరపాటుకు ఇంకో ప్రమాదం ఉంది. ట్రైక్‌లో రెక్క మనిషి తలకు పైన, ఎత్తులో ఉంటుంది. కాబట్టి ఆగేటప్పుడు బండి ముందుకు తూలుతుంది. చాలా పాత బండ్లలో బ్రేకు ముందు చక్రానికే ఉంటుంది. ఆ చక్రం జారిందంటే బ్రేకుతో పాటు దారి మళ్లించే వీలు కూడా పోతుంది, ఎందుకంటే నేల మీద బండిని తిప్పేది ఆ చక్రమే. దాన్ని పైలట్ రెండు పాదాలతో నేరుగా తిప్పుతాడు. కుడి పాదం తోస్తే బండి ఎడమకు వెళుతుంది. మామూలు విమానం నడిపినవారికి ఇది తలకిందులుగా తోస్తుంది. తడి గడ్డి మీద, గాభరాలో, ఎడమ పాదం కింద ఉన్న బ్రేకు కూడా తోడైతే ఏం జరుగుతుందో ఊహించుకోవచ్చు. అందుకే బ్రేకు నిజమైన పని దిగేటప్పటిది కాదు. నెమ్మదిగా నడిపేటప్పుడు ఆపడం, ఇంజను వేడెక్కించేటప్పుడు బండి కదలకుండా పట్టి ఉంచడం. ఆ చిన్న పనికే అది నమ్మకంగా ఉండాలి.

ముందు చక్రంలో ఉండేది ఎక్కువగా డ్రమ్ము బ్రేకు. స్కూటరు విప్పి చూసినవారికి ఇది కొత్త కాదు. డ్రమ్ము లోపల రెండు షూలు. వాటికి అతికించిన లైనింగు. పెడలు తొక్కితే తీగ లాగుతుంది. తీగ బయటి ఆర్మ్‌ను తిప్పుతుంది. ఆర్మ్ లోపలి క్యామ్‌ను తిప్పితే షూలు విడివడి డ్రమ్మును ఒరుసుకుంటాయి.

ఇందులో ముందుగా పాడయ్యేది తీగ. తీగలో కూడా ముందుగా పాడయ్యేది దాని చివర. ఈ మాట శ్రోతలు గుర్తుంచుకోవాలి, స్టే వైర్ల దగ్గర మళ్లీ వస్తుంది. తీగ మధ్యలో తెగడం అరుదు, తెగేది చివర. కారణం తేలికే. ఇన్నరు అనే లోపలి తీగ ఔటరు అనే పైతొడుగు లోపల నున్నగా జారుతుంది. చివర తీగను పట్టి ఉంచే లోహపు గుండు, అంటే నిప్పిలు దగ్గర మాత్రం తొక్కిన ప్రతిసారీ ఒకే చోట వంగుతుంది. వంగి వంగి ఒక పోగు తెగుతుంది. తర్వాత ఇంకోటి. మిగిలిన పోగులు బరువు మోస్తూనే ఉంటాయి కాబట్టి పెడలు కింద తేడా తెలియదు. ఆఖరి రెండు మూడు పోగులు ఒకేసారి తెగిన రోజున బ్రేకు ఉండదు. అందువల్ల నిప్పిలును గూట్లోంచి తీసి, తుడిచి, వెలుతురులో చూడాలి. ఒక్క పోగు లేచి ఉన్నా ఆ తీగ పని అయిపోయినట్టే.

తీగ వెళ్లే దారిని కూడా చూడాలి. ముందు చక్రాన్ని పూర్తిగా ఎడమకు తిప్పి, మళ్లీ పూర్తిగా కుడికి తిప్పి గమనించాలి. మలుపు చివర ఔటరు బిగుసుకుంటే, తొక్కకుండానే బ్రేకు పడుతుంది. ముందు ఫోర్కుకు స్ప్రింగు ఉన్న బండ్లలో, ఫోర్కు కిందికీ పైకీ ఆడినప్పుడు కూడా తీగకు సరిపడా వదులు ఉండాలి. గొట్టానికి రాసుకుంటున్న చోట ఔటరు మెరుగు పోయి కనిపిస్తుంది. అక్కడ క్లిప్పు మార్చి దారి మళ్లించాలి.

నూనె వేయాలా వద్దా అన్నది ఔటరును బట్టి ఉంటుంది. పాత రకం ఔటరులో లోపల ఉక్కు చుట్టే ఉంటుంది. దానికి పలచని నూనె పై చివర నుంచి వదిలి, కింద చుక్క కనబడేదాకా ఆగాలి. కొత్త రకంలో లోపల టెఫ్లాన్ లాంటి నున్నని గొట్టం ఉంటుంది. దానికి నూనె అక్కర్లేదు, వేస్తే దుమ్ము పట్టి జిగురవుతుంది. ఇక నీళ్ల విషయం. బండి కడగడానికి ప్రెషరు గన్ను వాడటం చాలామందికి సరదా. ఆ ఒత్తిడికి నీరు ఔటరులోకీ, చక్రం బేరింగుల్లోకీ దూరి, మళ్లీ బయటికి రాదు. బక్కెట్టు, గుడ్డ చాలు.

డ్రమ్ము విప్పే ముందు బయటి ఆర్మ్‌ను చూస్తే లోపలి సంగతి సగం తెలుస్తుంది. బ్రేకు పట్టినప్పుడు తీగకూ ఆర్మ్‌కూ మధ్య కోణం ఇంచుమించు లంబకోణంగా ఉండాలి. అప్పుడే లాగిన బలమంతా పనికొస్తుంది. లైనింగు అరిగే కొద్దీ ఆర్మ్ ముందుకు ముందుకు పోతుంది, బలం తగ్గుతుంది. అడ్జస్టరు తిప్పి తీగను బిగిస్తూ పోతే పెడలు గట్టిగానే తగులుతుంది, బ్రేకు మాత్రం పట్టదు. ఆ దశలో విప్పి చూడక తప్పదు. లైనింగు ఎంత మిగలాలన్న కొలత తయారీదారు పుస్తకంలో ఉంటుంది. దాన్నే పాటించాలి. లైనింగు అద్దంలా మెరుస్తుంటే గరుకు కాగితంతో తేలిగ్గా రుద్దవచ్చు. గ్రీజు పీల్చుకున్న లైనింగును మాత్రం ఎంత కడిగినా ప్రయోజనం లేదు. కొత్తది వేయాలి, గ్రీజు ఎక్కడినుంచి కారిందో కూడా చూడాలి. లోపలి దుమ్మును నోటితోనో గాలి గొట్టంతోనో ఊదకూడదు. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది. తడి గుడ్డతో తుడవాలి.

డ్రమ్ము బ్రేకులో ఇంకో భాగం ఎవరి కంటా పడదు. షూలు అమర్చిన ప్లేటు చక్రంతో పాటు తిరిగిపోకుండా దాన్ని ఫోర్కుకు కట్టే చిన్న కడ్డీ అది. బ్రేకు పడ్డప్పుడు తిప్పే బలమంతా దాని మీదే. దాని బోల్టు వదులైతే ప్లేటు తిరుగుతుంది, తీగను చుట్టుకుని తెంపుతుంది, ఒక్కోసారి చక్రాన్నే పట్టేస్తుంది. కొత్త లైనింగు వేసిన ఉత్సాహంలో ఈ బోల్టు మరిచిపోవడం కంటే పెద్ద పొరపాటు ఈ పనిలో లేదు.

కొత్త బండ్లలో వెనక రెండు చక్రాలకూ డిస్కు బ్రేకులు ఉంటాయి. వాటిని నడిపేది బ్రేకు ఆయిలు. ఇవి చక్కగా పడతాయి, కానీ రెండు విషయాల్లో మెలకువ కావాలి. మొదటిది, ఏ ఆయిలు అన్నది. కార్లలో వాడే డాట్ 4 రకం గాలిలోని తేమను పీలుస్తుంది. తేమ చేరితే తక్కువ వేడికే మరిగి ఆవిరి బుడగలు కడుతుంది. అందుకే కొంతకాలానికి మొత్తం మార్చాలి, మామూలుగా రెండేళ్లకోసారి. కొన్ని బ్రేకుల్లో ఖనిజ తైలం వాడతారు. ఒకదాని బదులు ఇంకోటి పోస్తే లోపలి రబ్బరు సీళ్లు ఉబ్బి పాడవుతాయి. డబ్బా మీద పేరు చదివాకే మూత తీయాలి. రెండోది గాలి. పెడలు మెత్తగా, లోపలికి దిగిపోతున్నట్టు ఉంటే గొట్టంలో గాలి చేరినట్టు. అప్పుడు బ్లీడింగ్ చేయాలి. గాలి పైకి పోతుంది కాబట్టి కింద క్యాలిపరు నుంచి పైకి ఆయిలు ఎక్కిస్తే బుడగలు తేలిగ్గా బయటపడతాయి.

వెనక బ్రేకుల్లో ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ పడితే బండి పక్కకు లాగుతుంది. అయితే బ్రేకును తిట్టే ముందు టైర్లలో గాలి చూడాలి. ఒక టైరు మెత్తబడినా బండి అలాగే లాగుతుంది. చక్రాల మీద మూతలున్న బండ్లు బురద మైదానం నుంచి వస్తే ఆ మూతల్లో బురద నిండి, ఎండి, చక్రం కదలకుండా చేస్తుంది. అది బ్రేకు జబ్బు కాదు.

నిలిపి ఉంచే బ్రేకు గురించి ఒక్క మాట. ఆయిలు బ్రేకును నొక్కిపెట్టి బండిని రాత్రంతా వదిలేయకూడదు. వేడికీ చలికీ ఆయిలు ఒత్తిడి మారి పట్టు వదిలేయవచ్చు. చక్రాలకు చెక్క దిమ్మలు అడ్డం పెట్టాలి. బ్రేకు మరమ్మతు చేసేటప్పుడు ఇంజను స్విచ్చులు ఆపి, తాళంచెవి జేబులో వేసుకోవాలి. పంకా ఒక మూర దూరంలోనే ఉంటుంది.

ఇక స్టే వైర్లు. కొన్ని బండ్లలో వెనక రెండు చక్రాల కాళ్లనూ సీటు కింద ఒక ఉక్కు తీగ కలుపుతుంది. కొన్నింటిలో కాళ్ల నుంచి ముందు వైపుకు కూడా తీగలు వెళతాయి. వీటి పని రంగులు వేసేవారి మడత నిచ్చెన చూస్తే అర్థమవుతుంది. నిచ్చెన రెండు కాళ్ల మధ్య ఒక తాడు ఉంటుంది. మనిషి ఎక్కినప్పుడు కాళ్లు విడిపోకుండా పట్టేది ఆ తాడే. ట్రైక్ నేలను తాకినప్పుడు కూడా వెనక చక్రాలు రెండు పక్కలకూ విడిపోవాలని చూస్తాయి. సీటు కింది తీగ పట్టి ఆపుతుంది. గాలిలో ఉన్నంతసేపూ దానికి పెద్దగా పని లేదు. దిగే ఒక్క క్షణంలో మొత్తం పని. అందుకే అది బాగుందో లేదో ఎగురుతుండగా ఎప్పటికీ తెలియదు.

తీగ లోపల ఏముందో చూద్దాం. ఎక్కువగా వాడే ఒక రకంలో 7 పాయలుంటాయి. ఒక్కో పాయలో 19 పోగులు. మొత్తం 133 పోగులు పేనితే ఒక తీగ. ఇది మెత్తగా వంగుతుంది. 7 పాయల్లో ఏడేసి పోగులుండే రకం దీనికంటే గట్టిది. పాయలు లేకుండా 19 లావు పోగులనే కలిపి పేనిన రకం ఇంకా బిరుసు. వంపు తిరగాల్సిన చోట మొదటిది, నిటారుగా లాగి ఉంచాల్సిన చోట చివరిది నప్పుతాయి. బలానికి లోటు లేదు. విమానాలకు వాడే స్టెయిన్‌లెస్ తీగ 3 మిల్లీమీటర్ల పైచిలుకు మందమే ఉన్నా, మొదటి రకంలో దాదాపు 800 కిలోల లాగుడు తట్టుకుంటుంది. ఇది కొత్త తీగ మాట.

కొత్త తీగ పాతబడే దారులు మూడు. అలసట, తుప్పు, మెలిక.

అలసట చివర మొదలవుతుంది. బ్రేకు తీగ దగ్గర చెప్పిన మాటే ఇక్కడా నిజం. స్టే వైరు చివర తీగను ఒక లోహపు తొడుగు చుట్టూ మడిచి, రాగి స్లీవు వేసి, యంత్రంతో నొక్కి బిగిస్తారు. ఆ తొడుగును థింబులు అంటారు. స్లీవు లోపల తీగ కదలదు. స్లీవు బయట ఇంజను వణుకుకు ఎప్పుడూ ఆడుతూ ఉంటుంది. కదలని చోటుకూ కదిలే చోటుకూ మధ్యన, స్లీవు నోటి దగ్గర, పోగులు తెగుతాయి. పరీక్షించే పద్ధతి పాతదే. నూలు గుడ్డ చుట్టి తీగ పొడవునా లాగాలి. తెగిన పోగు గుడ్డను పట్టుకుంటుంది. వట్టి చేత్తో లాగితే అదే పోగు వేలిలో దిగుతుంది. స్లీవు దగ్గర తీగను కొంచెం వంచి కూడా చూడాలి, తెగిన పోగులు అప్పుడు పైకి లేస్తాయి. థింబులు కంటి ఆకారం పోయి సాగి ఉంటే, తీగ ఎప్పుడో మోయరాని బరువు మోసిందని అర్థం. ఆ తీగను ఇక నమ్మకూడదు.

తుప్పు సంగతి కొంచెం చిత్రమైనది. స్టెయిన్‌లెస్ ఉక్కుకు తుప్పు రాదని అందరూ అనుకుంటారు. దాన్ని కాపాడేది క్రోమియం ఆక్సైడ్ అనే సన్నని పొర. ఆ పొర గీసుకుపోతే గాలిలోని ఆక్సిజన్ తగిలి మళ్లీ ఏర్పడుతుంది. ఆక్సిజన్ అందని చోట ఏర్పడదు. స్లీవు సందుల్లో, ప్లాస్టిక్ తొడుగు కింద గాలి ఆడదు, నీరు మాత్రం నిలుస్తుంది. సముద్రపు ఉప్పు కూడా చేరితే లోపల్లోపల గుంటలు పడతాయి. విశాఖ, కాకినాడ తీరాల్లో ఇంటి కిటికీ ఇనుము ఎంత త్వరగా తినేసుకుపోతుందో అక్కడి శ్రోతలకు ఒకరు చెప్పనక్కర్లేదు. అందం కోసం, బట్టలకు మరక అంటకుండా వేసిన ప్లాస్టిక్ తొడుగు తీగను కాపాడుతోందనుకుంటే అది భ్రమ. చాలాసార్లు తుప్పును కనబడకుండా కాపాడేది అదే. తొడుగు చివర గోధుమరంగు చార కనిపిస్తే వెంటనే చూడాలి. తీగ ప్లేటు అల్యూమినియం గొట్టానికి తగిలే చోట తెల్లటి పొడి కనిపిస్తే, అక్కడ గొట్టాన్ని కూడా తుప్పు తింటోందని అర్థం.

మూడోది మెలిక. ఇది ఎగిరేటప్పుడు వచ్చేది కాదు, నేల మీద వచ్చేది. రెక్క విప్పి, బండి మడిచి, ట్రైలరు మీద ఎక్కించి, పైన బెల్టులు బిగిస్తారు. ఆ బెల్టు కింద ఒక తీగ ఇరుక్కుంటుంది. తీసేసరికి దానిలో ఒక మెలిక. చేత్తో సాగదీస్తే తిన్నగానే కనబడుతుంది. కానీ వంగిన పోగులు మళ్లీ మొదటి బలానికి రావు. మెలిక పడిన తీగ పోయినట్టే లెక్క.

ఇంకో తీగ ఉంది, అది పైన ఉంటుంది. రెక్కనూ బండినీ కలిపే ఆ ఒక్క బోల్టు విరిగితే అని తయారీదారులు రెండో ఏర్పాటు చేస్తారు. కొన్నింటిలో అది పట్టీ, కొన్నింటిలో ఉక్కు తీగ. అది వదులుగానే ఉండాలి, బరువు మోయకూడదు. వదులుగా ఉన్నది ఆడుతూ గొట్టాన్ని రాసుకుంటుంది, కాబట్టి ఆ రాపిడి చోటే చూడాలి.

గట్టిగా దిగిన రోజున పరీక్ష వేరుగా ఉంటుంది. బండి చెక్కుచెదరనట్టే కనిపించవచ్చు. అప్పుడు టేపు పట్టుకుని కొలవాలి. మధ్య గొట్టం నుంచి ఎడమ చక్రానికి ఎంత, కుడి చక్రానికి ఎంత? రెండింటికీ తేడా వస్తే ఏదో సాగింది, లేదా వంగింది. బోల్టులు తీసి గాజు మీద దొర్లించి చూడాలి, వంగిన బోల్టు దొర్లేటప్పుడు ఎగురుతుంది. గుండ్రంగా ఉండాల్సిన బోల్టు రంధ్రం కోడిగుడ్డు ఆకారంలో ఉంటే ఆ గొట్టం మార్చాలి.

పాడైన తీగను ముడి వేయడం, అతుకు పెట్టడం, వెల్డింగు చేయడం పనికిరావు. బజారులో అలాంటి తీగే దొరుకుతుందని కొనడమూ కూడదు. పొడవు కొన్ని మిల్లీమీటర్లు తేడా వచ్చినా కాళ్ల నిలువు మారుతుంది. తయారీదారు పంపిన తీగే వేయాలి. నైలాను ఉంగరం ఉన్న నట్లను మళ్లీ వాడకుండా కొత్తవి వేయాలి. కాటర్ పిన్నులు కూడా అంతే, ఒకసారి వంచి తీసినది మళ్లీ పెట్టకూడదు. తీగను బిగించే టర్న్‌బకిల్ ఉన్న బండ్లలో మర బయటికి మూడు చుట్ల కంటే ఎక్కువ కనబడకూడదు, లాక్ వైరు కట్టి ఉండాలి. ట్రైక్‌లో ఈ చిన్న వస్తువులకు ఇంత పట్టింపు ఎందుకంటే, పంకా వెనక ఉంటుంది. బండి నుంచి ఊడిన పిన్నయినా, నట్టయినా, తెగి ఊగే తీగ ముక్కయినా నేరుగా పంకాలోకి పోతుంది. పంకా ముక్క విరిగితే ఇంజను వణికి, ఆ వణుకు బండి మొత్తాన్ని కుదిపేస్తుంది.

బ్రిటన్‌లో ఇలాంటి రెండు సీట్ల విమానాలను ఏడాదికోసారి సొంతదారు కాకుండా వేరే తనిఖీదారు చూసి సంతకం పెడతారు. మన దేశంలో ఎగిరే వాటి మీద పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ నిబంధనలున్నాయి. తనిఖీదారు చూసేది ఏడాదికి ఒక రోజు. మిగిలిన రోజుల్లో చూడాల్సింది ఎగిరేవారే. చేసిన ప్రతి పనీ లాగ్ పుస్తకంలో రాయాలి. ఏ తీగ, ఏ తేదీన వేశారో రాసి లేకపోతే, రెండేళ్ల తర్వాత ఏది పాతదో ఎవరూ చెప్పలేరు.

కొత్త స్టే వైరు మొదట్లో కొద్దిగా సాగి కుదురుకుంటుంది. కొత్త బ్రేకు లైనింగు కూడా డ్రమ్ముకు నప్పే దాకా సరిగా పట్టదు. కాబట్టి పని పూర్తయ్యాక ముందు నేల మీద నెమ్మదిగా నడిపి చూడాలి. తర్వాత ఒంటరిగా కొన్నిసార్లు ఎగిరి దిగాలి. దిగాక చక్రాల కొలత మళ్లీ తీయాలి, నట్లు మళ్లీ చూడాలి. ఆ కొలత సరిపోయే దాకా వెనక సీట్లో ఎవరినీ ఎక్కించుకోవద్దు.